లేని బంతి

ఎదుట ఎవ్వరూ లేరు. నల్లరంగు వేసిన గోడ, నేల మీద పరచిన ఆకుపచ్చ మ్యాటు, ఒక మూలన తిరుగుతున్న ఫ్యాను. ఆ గది నడుమ మా మేనల్లుడు కళ్ళకు నల్లని పెట్టె వంటిదొకటి బిగించుకొని, చేత బ్యాటు పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఉన్నట్టుండి మోకాళ్ళు వంచి, గడ్డం ఛాతీకి ఆనించి, తలను పక్కకు లాగేసుకున్నాడు. ఒక నిమిషం గడిచాక మళ్ళీ అలాగే. గోడకేసి చూస్తూ దేనినుంచి తప్పించుకుంటున్నాడో తెలియని ఆ దృశ్యం చూస్తే నాకు మొదట నవ్వొచ్చింది. తరువాత వాడి చేతులు చూశాను. బ్యాటు పిడి మీద వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. నవ్వు ఆగిపోయింది.

హైదరాబాదు శివార్లలోని ఒక రేకుల షెడ్డు అది. బయట నాలుగు నెట్లు, లోపల ఈ గది. మా వాడికి పంతొమ్మిదేళ్ళు. లీగుల్లో ఓపెనింగు చేస్తాడు. నిరుడు చలికాలంలో ఒక మ్యాచిలో బౌన్సరు వాడి హెల్మెట్టుకు, చెవికి కాస్త పైన, తగిలింది. ఎముక విరగలేదు, రక్తం రాలేదు. డాక్టరుగారు రెండు వారాలు విశ్రాంతి అన్నారు, తల తిరగడం తగ్గాక వెళ్ళమన్నారు. తగ్గింది, వెళ్ళాడు. అయితే అప్పటినుంచి బంతి రాకముందే వాడి కుడికాలు లెగ్ అంపైరు వైపు జరగడం మొదలుపెట్టింది. నాలుగు అంగుళాలు, ఒక్కోసారి ఆరు. ఆ మాత్రం చాలు, ఆఫ్ స్టంపు బయట పడ్డ బంతి బ్యాటుకు అందకుండా పోవడానికి. "నేను జరపట్లేదు మావయ్యా, అదే పోతోంది" అన్నాడు. వాడు అబద్ధమాడడం లేదని నాకు తెలుసు. ఎలా తెలుసన్నది తరువాత చెబుతాను.

నేనూ ఒకప్పుడు ఆడినవాణ్ణే. 1987 వరకు, గుంటూరు జిల్లాలోని కాలేజీ మైదానాల్లో, కొబ్బరిపీచు మ్యాటింగు మీద. ఎందుకు మానేశావని ఎవరడిగినా, డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువు కోసమని చెబుతూ వచ్చాను. ఆ తరువాత ముప్పై యేళ్ళకు పైగా జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. చెల్లెలు ఫోను చేసి, "వాడికేదో కళ్ళద్దాలు పెట్టి ఆడిస్తారట అన్నయ్యా, నెలనెలా డబ్బు కట్టమంటున్నారు, అది నిజమో మోసమో నువ్వొకసారి వెళ్ళి చూసి రా" అంటే వెళ్ళాను. నమ్మకంతో వెళ్ళలేదని ముందే ఒప్పుకుంటున్నాను.

ఈ విద్య వయసు మనం అనుకునేంత చిన్నది కాదు. తలకు తగిలించుకుని కృత్రిమ దృశ్యాన్ని చూసే సాధనాన్ని ఐవాన్ సదర్లాండ్ 1968లోనే తయారుచేశాడు. అది ఎంత బరువంటే, పైకప్పునుంచి వేలాడదీయవలసి వచ్చింది. 1994లో మిల్‌గ్రామ్, కిషినో అనే ఇద్దరు ఒక వ్యాసం రాస్తూ, పూర్తిగా నిజమైన లోకం ఒక కొసన, పూర్తిగా కల్పించిన లోకం మరొక కొసన పెట్టి, నడుమనున్న సకల అంతస్తులకూ కలిపి మిక్స్‌డ్ రియాలిటీ అని పేరు పెట్టారు. మనవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. మయసభ అంటే చాలు. దుర్యోధనుడు నడిచినది నిజమైన సభలోనే. కాళ్ళూ నిజం, తడిసిన వస్త్రాలూ నిజం. నేల ఎక్కడ, నీరెక్కడ అన్నచోట మాత్రమే మయుడి పనితనం. మా వాడి చేతిలోని బ్యాటు నిజం, కింద మ్యాటు నిజం, బౌలరూ బంతీ మయుడివి.

ఇంతకీ దీనితో ఏం పని? బంతి విసిరే యంత్రాలు ఎప్పటినుంచో ఉన్నాయి కదా, అవి చాలవా? నేనూ ఆ మాటే అడిగాను. అక్కడి కోచ్ నలభై యేళ్ళ మనిషి, మితభాషి. "మాస్టారూ, మెషీనుకు భుజం ఉండదు కదండీ" అన్నాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఇంటికెళ్ళి చదివితే, అందులోనే అసలు విషయమంతా ఉందని తెలిసింది.

కాస్త లెక్క చూద్దాం, పాత అలవాటు. బ్యాటరు నిలబడే క్రీజుకూ, ఎదుటి క్రీజుకూ నడుమ దూరం 17.7 మీటర్లు. గంటకు 140 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 39 మీటర్లు. గాలిలోనూ, నేలకు తగిలినప్పుడూ తగ్గే వేగాన్ని కలుపుకున్నా, బంతి చేతినుంచి బయలుదేరి బ్యాటును చేరడానికి సుమారు అర సెకను. చూసినదానికి శరీరం స్పందించడానికే సెకనులో అయిదో వంతు పోతుంది. బ్యాటు దించడానికి మరికొంత. కనుక బంతి ప్రయాణమంతా చూసి, ఆలోచించి కొట్టడమన్నది జరిగే పని కాదు. మైకేల్ లాండ్, పీటర్ మెక్‌లియడ్ 2000లో బ్యాటర్ల కనుచూపును కెమెరాతో పట్టి చూశారు. బంతి బయలుదేరడం చూస్తారు, ఆ వెంటనే చూపు ఒక్క గెంతు గెంతి బంతి ఎక్కడ పడబోతోందో ముందుగా అక్కడికి చేరి ఎదురుచూస్తుంది. ఆటలో ఆరితేరినవాడి చూపు మరింత ముందుగా గెంతుతుంది. అంటే కోచ్‌లు తరతరాలుగా చెబుతూ వచ్చిన "బంతి మీదనుంచి చూపు తిప్పకు" అన్న మాటను ఏ మంచి బ్యాటరూ పాటించడం లేదన్నమాట!

అంతకన్నా విచిత్రం, అసలు బంతి బయలుదేరకముందే సగం పని అయిపోతుంది. సీన్ ముల్లర్, బ్రూస్ ఎబర్నెతీ, డామియన్ ఫారో 2006లో ప్రచురించిన పరిశోధనలో, బౌలరు వీడియోను బంతి వదలకముందే ఆపేసి, ఒక్కొక్క అవయవాన్ని కప్పేసి చూపించి, ఏ బంతి రాబోతోందో చెప్పమన్నారు. ఉత్తమశ్రేణి బ్యాటర్లు బౌలింగు చేతినీ మణికట్టునూ చూసి చెప్పగలిగారు. తక్కిన వాళ్ళకు ఆ చదువు రాలేదు. బంతి విసిరే యంత్రం ముందు ఎన్ని వేల బంతులాడినా ఆ చదువు రాదు, ఎందుకంటే చదవడానికి అక్కడ పుస్తకమే లేదు. రెండు చక్రాలు తిరుగుతుంటాయి, రంధ్రంలోంచి బంతి ఊడిపడుతుంది. ఇయాన్ రెన్‌షా తన సహచరులతో 2007లో పోల్చి చూస్తే, యంత్రం ముందు బ్యాటు ఎత్తే వేళ ఒకటిగా, మనిషి ముందు మరొకటిగా తేలింది. భుజం లేదంటే కోచ్ చెప్పినది ఇదే.

ఈ లోటు తీర్చడానికే యంత్రానికి మొదట బొమ్మను జతచేశారు. ప్రోబ్యాటర్ అన్న అమెరికా యంత్రంలో తెర మీద బౌలరు పరుగెత్తుకొస్తాడు, అతడి చేయి ఎక్కడ బంతిని వదులుతుందో సరిగ్గా అక్కడ తెరకున్న చిల్లులోంచి నిజమైన బంతి వస్తుంది. టొరంటోలో తయారయ్యే ట్రాజెక్ట్ ఆర్క్ అన్నది బేస్‌బాల్‌కోసం ఇదే పని ఇంకా సూక్ష్మంగా చేస్తుంది. ఫలానా పిచ్చరు ఫలానా బంతి, అదే వేగం, అదే భ్రమణం, అతడి బొమ్మతో సహా. అక్కడి ప్రధాన లీగులో మ్యాచి జరుగుతుండగానే బ్యాటర్లు లోపలికి వెళ్ళి దీనితో సాధన చేసుకోవడానికి 2024లో అనుమతి వచ్చింది. ఇది సాధ్యమైనది విశ్లేషణ కోసం పెట్టిన కెమెరాల వల్ల. క్రికెట్టులో హాక్-ఐ 2001లో టీవీ ప్రేక్షకుల వినోదానికి వచ్చింది, ఆ పైన అంపైర్లకు సాక్షి అయింది. బంతి దారిని అంకెలుగా నిలువ చేయగలిగితే, ఆ అంకెలను తిరిగి బంతిగా మార్చడం ఎంతసేపు? నిన్న నిన్ను అవుటు చేసిన బంతినే ఈ రోజు వందసార్లు ఆడవచ్చు. శ్రాద్ధాలకు పెద్దల్ని పిలిచినట్టు బంతుల్ని పిలిపించడం. (ఈ పోలిక మా చెల్లెలికి నచ్చలేదు.)

హెడ్‌సెట్టుది ఇంకొక దారి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అది ముందుగా స్థిరపడింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం జట్టులో కిక్కరుగా ఆడిన డెరెక్ బెల్చ్, ఆచార్య జెరెమీ బెయిలెన్సన్ దగ్గర చదువుతూ 2014లో అక్కడి జట్టుతో మొదలుపెట్టి, స్ట్రైవర్ అనే సంస్థను స్థాపించాడు. 2015లో డాలస్ కౌబాయ్స్ దాన్ని తీసుకున్నారు. ప్రాక్టీసు మైదానంలో క్వార్టర్‌బ్యాక్ నిలబడేచోట చుట్టూ చూసే కెమెరాను పెట్టి, ఆ దృశ్యాన్ని తరువాత అతడికి తొడుగుతారు. ఎదుటివాళ్ళు ఎటునుంచి దూసుకొస్తున్నారో గుర్తించడమే పాఠం. ఒక్క దెబ్బ తగలకుండా. 2018 శీతాకాల ఒలింపిక్సుకు ముందు అమెరికా స్కీ జట్టు కూడా ఇలాగే కొరియాలోని కొండదారిని చిత్రించి తెచ్చుకుని, ఇంటి దగ్గర కూర్చుని మళ్ళీ మళ్ళీ దిగింది. జేడెన్ డేనియల్స్ అనే క్వార్టర్‌బ్యాక్ కాలేజీ రోజుల్లోనే హెడ్‌సెట్టులో ఆటను అసలు వేగం కన్నా ఎక్కువ వేగంతో నడిపించుకుని సాధన చేసేవాడు, మైదానంలోకి వెళ్ళాక అంతా నెమ్మదిగా కనబడాలని. అతడు 2023లో హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు, 2024లో వాషింగ్టన్ జట్టుకు ఆడి ఉత్తమ నవ ఆటగాడనిపించుకున్నాడు. ఆ గెలుపులో హెడ్‌సెట్టు వాటా ఎంతని ఎవరు తేల్చగలరు? బ్యాటు పట్టుకుని ఆడే హెడ్‌సెట్టు క్రికెట్టును మన హైదరాబాదు సంస్థే ఒకటి, ప్రోయుగ, ఐబీ క్రికెట్ పేరుతో తయారుచేసిందని తెలిసి నాకు కాస్త గర్వం కలిగిన మాట నిజం.

అయినా పాతకాలపు మయులు తక్కువవాళ్ళు కారు. 1998లో ఆస్ట్రేలియా వచ్చినప్పుడు, షేన్ వార్న్ లెగ్ స్టంపు బయటి గరుకుచోట బంతిని వేస్తాడని ఊహించి, సచిన్ టెండూల్కర్ చెన్నైలో పిచ్చిని ఆ చోటనే కావాలని చెక్కి, లక్ష్మణ్ శివరామకృష్ణన్ చేత అక్కడ బంతులు వేయించుకున్నాడు. మార్చిలో చెన్నై టెస్టు మొదటి ఇన్నింగ్సులో వార్నే అతణ్ణి నాలుగు పరుగులకు అవుటు చేశాడు. రెండో ఇన్నింగ్సులో 155, అవుటు కాలేదు. అదే వార్న్ కోసం ఇంగ్లండు వాళ్ళు 2005లో మెర్లిన్ అనే స్పిన్ యంత్రాన్ని తెచ్చుకుని సాధన చేశారు. సిరీస్ గెలిచారు, కాని వార్న్ ఆ అయిదు టెస్టుల్లో నలభై వికెట్లు తీసుకున్నాడు. యంత్రం మీద తీర్పు చెప్పడానికి నేను ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడం లేదు. శివరామకృష్ణన్‌కు భుజం ఉంది, అంతే.

నేను వెళ్ళిన మూడో ఆదివారం మా వాడు హెడ్‌సెట్టు తీసి నా చేతిలో పెట్టాడు. "మావయ్యా, నువ్వోసారి చూడు. బయటనుంచి చూస్తే ఏం తెలుస్తుంది?" వద్దన్నాను. కోచ్ కూడా నవ్వుతూ, "బంతి తగలదు మాస్టారూ" అన్నాడు. ఆ మాటకు పౌరుషమొచ్చింది కాబోలు, పెట్టుకున్నాను. చీలమండలకు రెండు చిన్న పరికరాలు కట్టారు, పాదాలు ఎక్కడున్నాయో లెక్కకట్టడానికట. కళ్ళ ముందు మైదానం తెరుచుకుంది. పచ్చిక, సైట్‌స్క్రీన్, దూరంగా స్టాండ్లు. నిజంలా లేదు. గడ్డి మరీ పచ్చగా ఉంది, ఆకాశం సినిమా సెట్టింగులా ఉంది. తల తిప్పితే దృశ్యం వెంటనే తిరగాలి, యాభయ్యో వంతు సెకను ఆలస్యమైనా కడుపులో తిప్పుతుందని చదివి ఉన్నాను, అదేమీ జరగలేదు. ఇదా వీళ్ళు డబ్బు తీసుకునేది అనుకుంటూండగా ఒకడు పరుగెత్తుకు రావడం మొదలుపెట్టాడు. ముఖం సరిగా గీయలేదు. కాని ఆ పరుగు, భుజం తిరగడం, చేయి చెవిని రాసుకుంటూ పైకి లేవడం...

ఆరు బంతులు వేశారు. ఒకటి బ్యాటుకు తగిలిందనుకుంటాను, పిడి చిన్నగా అదిరింది. నాలుగోది మీదికి లేచింది, నేను తప్పుకున్నాను. హెడ్‌సెట్టు తీశాక చొక్కా తడిసిపోయి ఉంది.

కోచ్ కంప్యూటరులో పాదాల జాడ చూపించాడు. పైనుంచి చూసినట్టు క్రీజు, అందులో రెండు రంగుల గీతలు. ఆరు బంతుల్లో అయిదింటికి, బౌలరు చేయి పైకి లేచే క్షణాన, నా కుడిపాదం లెగ్ అంపైరు వైపు జరిగింది. మీదికి లేవని బంతులకు కూడా. మా వాడు తెరవైపు చూశాడు, తరువాత నావైపు చూశాడు. "మావయ్యా, నీదీ నాలాగే ఉంది" అన్నాడు. వెక్కిరింపు లేదు. ఇంకొకడు దొరికినందుకు ఊరట లాంటిదేదో ఉంది ఆ గొంతులో.

1987లో నన్ను కొట్టిన బంతి కనుబొమ మీద తగిలింది. మా జట్టులో ఎవరికీ హెల్మెట్టు లేదు. అయిదు కుట్లు పడ్డాయి. మళ్ళీ రెండు మ్యాచులు ఆడాను, రెండింటిలోనూ కాలు దానంతట అదే పోయింది. స్లిప్పుల్లోంచి ఎవరో నవ్వారు. ఆ తరువాతే నాకు చదువు గుర్తొచ్చింది. ఈ సంగతి మా ఆవిడకూ చెప్పలేదు. నారీ కాంట్రాక్టర్ 1962లో బార్బడోస్‌లో తలకు దెబ్బ తగిలి మళ్ళీ టెస్టు ఆడలేకపోయాడు. ఫిలిప్ హ్యూస్ 2014 నవంబరులో హెల్మెట్టు పెట్టుకుని ఉండీ మెడకు బంతి తగిలి చనిపోయాడు. అంతటి దెబ్బలను తలుచుకుంటే నా అయిదు కుట్లు చెప్పుకోవడానికి సిగ్గనిపించేది. భయానికి సిగ్గు తోడైతే మనిషి చదువుకుంటాడు.

మన వేదాంతులు తాడును చూసి పాము అనుకోవడాన్ని గురించి ఎంతో చెప్పారు. తాడు అని తెలిశాక పాము పోతుందన్నారు. బంతి లేదని నాకు తెలుసు, షెడ్డులో నిలబడ్డానని తెలుసు. అయినా కాలు జరిగింది. తెలిసింది బుద్ధికి, కాలికి ఎవరూ చెప్పలేదు. నిజమైన నెట్సులో అయితే ఆ కాలికి చెప్పే వ్యవధి దొరకదు, చెప్పేలోగా బంతి వస్తుంది, తగిలితే భయం ఇంకొక వరస గట్టిపడుతుంది. ఇక్కడ ముందు భుజం వస్తుంది, బంతి వస్తుంది, దెబ్బ మాత్రం రాదు. నేను మొదట ఏ లోపాన్ని పట్టుకుని ఇది మోసమని తేలుద్దామనుకున్నానో, దెబ్బకొట్టలేని ఆ లోపమే భయపడ్డవాడికి దారి. భయపడనివాడికి దీనివల్ల ఎంత లాభమో నేను చెప్పలేను. బంతికి బరువు లేదు, బ్యాటు మధ్యలో తగిలిన తీయదనం లేదు. బంతి దగ్గరికి వస్తున్నకొద్దీ రెండు కళ్ళూ లోపలికి తిరుగుతాయి, కాని కళ్ళలోని కటకం మాత్రం ఒకే దూరానికి బిగిసి ఉంటుంది. నిజమైన చూపు అలా పనిచేయదు. కోచ్‌కు ఈ పరిమితులన్నీ తెలుసు. అందుకే రోజుకు ఇరవై నిమిషాలకు మించి దాన్ని పెట్టనివ్వడు. హెడ్‌సెట్టు నుంచి టెన్నిస్ బంతికి, అక్కడనుంచి చేత్తో విసిరే త్రోడౌన్లకు, ఆ తరువాతే బౌలరుకు. మెట్టు దిగినప్పుడల్లా పాదాల గీతలు చూసుకుంటాడు. చెల్లెలికి ఫోను చేసి, "మోసం కాదు, డబ్బు కట్టు" అన్నాను. ఎందుకు కాదో వివరించలేదు.

మొన్న ఆదివారం మా వాడికి నిజమైన బౌలరును పెట్టారు. వాడి ఈడువాడే, బాగా పొడగరి, కొత్త బంతి. నేను నెట్టు వెనక, వాడి కుడికాలి మడమ కనబడేచోట నిలబడ్డాను. మొదటి బంతికి కాలు జరిగింది. రెండోదానికీ. మూడోది పొట్టిగా పడి లేచింది, వాడు తల దించాడు, కాలు ఉన్నచోటే ఉంది. నాలుగోదానికి మళ్ళీ జరిగింది. అలా ముప్పై బంతుల్లో పదకొండుసార్లు లెక్కపెట్టాను. కోచ్ తన లెక్క పన్నెండు అన్నాడు. పోయిన నెలలో ఇరవై దాటేదట.

వాడు హెల్మెట్టు తీసి, చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి, "మావయ్యా, నువ్వు రా. టెన్నిస్ బంతే, సార్ మెల్లగా విసురుతారు" అన్నాడు. మోకాళ్ళ నొప్పి సంగతి చెప్పాను. వినలేదు. ప్యాడ్లు తెచ్చి నా ముందు పడేశాడు. పాతరోజుల్లో పట్టీలకు బకిల్సు ఉండేవి, ఇవేవో అతుక్కునే పట్టీలు, ఎటునుంచి ఎటు చుట్టాలో తోచలేదు. వాడే కూర్చుని నా కాళ్ళకు కట్టాడు, ముందు కుడికాలికి.